మావయ్య తాగిన బీరు

మా మావయ్య చంద్రశేఖరం పగబట్టిన మనిషంటే చూసినవాళ్ళెవరూ నమ్మరు. అరవై దాటిన బక్కప్రాణి. శృంగవరపుకోటలో ఒక పిల్లల హాస్టల్లో వంట చేసేవాడు. ఆకలేసి పిల్లలు కంచాలు మోగిస్తే కసరడు, "అయిపోయింది నాన్నా, రెండు నిమిషాలు" అంటాడు. అటువంటి మనిషి పొద్దున్నే కత్తిపీట ముందు కూర్చుని, గుమ్మడికాయ మీద అరచెయ్యి ఆనించి, "జగన్నాధం" అని నెమ్మదిగా పేరు పెట్టి, అప్పుడు నరికేవాడు. ఆనపకాయైనా అంతే, కందదుంపైనా అంతే. పన్నెండేళ్ళు అలా రోజూ నరికాడు. ఉల్లిపాయకి మాత్రం ఆ పేరు పెట్టేవాడు కాదు. వాడి మూలాన మళ్ళీ కన్నీళ్ళు పెట్టుకోవడం ఇష్టం లేదట.

మా అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఆయనా, చూడామణి అత్తయ్యా. కాబట్టి ఈ కథలో నేను ఎవరి పక్షమో ముందే చెప్పేస్తున్నాను. న్యాయంగా రెండువైపులా చెప్పే ఓపిక నాకు లేదు.

నరసన్నపేటకి పడమరగా మా ఊరు. అక్కడి గుడి వంటశాలలో మావయ్య పాతికేళ్ళు స్వామికి నైవేద్యం వండాడు. వాళ్ళ నాన్న, తాత కూడా ఆ పొయ్యి ముందే నిలబడ్డారు. దేవుడికి పెట్టబోయేది మనిషి ముందుగా అనుభవించకూడదు. రుచి చూడడం ఎలాగూ తప్పే, వాసన చూడడం కూడా తప్పే. పూజకి తెచ్చిన పువ్వుని పిల్లలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంట్లో కేకలేస్తామే, అదే సంగతి. అందుకని మా గుడిలో వంట చేసేవాళ్ళు ముక్కూ నోరూ కలిపి తడిగుడ్డ బిగించి కట్టుకుంటారు. ఉప్పు చేతి కొలత. ఉడుకు చూపుకి తెలుస్తుంది. పోపు వేగిందో లేదో చెవికి తెలుస్తుంది.

మావయ్య ముక్కుకి మాత్రం గుడ్డ అడ్డం రాదు. పుట్టుకతో వచ్చిందది. వీధి చివర బెల్లం పాకం ముదిరితే ఇంట్లో కూర్చుని చెప్పేవాడు. గుడ్డ నాలుగు మడతలు కట్టుకున్నా వాసనలు వాటంతట అవే లోపలికి వచ్చేసేవి. ఆయన పీల్చింది లేదు, పీల్చాలనుకున్నదీ లేదు. ఈ సంగతి అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

2006లో స్వామి కల్యాణానికి పెద్ద గుండిగతో చక్రపొంగలి వండుతున్నారు. నెయ్యి తెచ్చింది జగన్నాధం. అప్పట్లో వాడికి నరసన్నపేటలో నెయ్యి దుకాణం ఉండేది, గుడికి వాడే ఇచ్చేవాడు. తోటి వంటవాళ్ళు డబ్బా మూత తీసి నెయ్యి గుండిగలో వంపుతుండగా మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది చెడిపోయిన నెయ్యి. స్వామికి పెట్టకండి" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ జగన్నాధం ఒక్క క్షణం తెల్లబోయాడు. తరవాత మెల్లగా అడిగాడు. "సెడిపోనాదని నీకెలా తెలిసినాది పంతులూ?"

"వాసనొస్తోంది" అన్నాడు మావయ్య.

అంతే, చిక్కుకుపోయాడు. నిజం చెప్పాననుకున్నాడు కానీ తన నోటితో తనే నేరం ఒప్పుకున్నాడు. "వాసనొస్తాదంటన్నాడు! గుడ్డిప్పి వాసన సూసినాడు! స్వామి ప్రసాదం ఎంగిలి సేసినాడు!" అని జగన్నాధం అరిచిన అరుపుకి కల్యాణ మండపంలో ఉన్న కమిటీ అంతా పరుగెత్తుకొచ్చింది. గుడ్డ విప్పలేదని మావయ్య ఎంత మొత్తుకున్నా, గుడ్డ ఉంటే వాసన ఎలా తెలుస్తుందని వాళ్ళు అడిగారు. దానికి ఎవరు జవాబు చెప్పగలరు? పోనీ ఆ నెయ్యి మంచిదో కాదో ఎవరైనా చూశారా అంటే లేదు. స్వామికని తెచ్చిన నెయ్యిని వాసన చూసే పాపం ఎవరు చేస్తారు? జగన్నాధం ఆ డబ్బాలు నిదానంగా ఆటోలో వేసుకుని పట్టుకుపోయాడు. పొంగలిని గోతిలో పూడ్చారు. గుడికి సంప్రోక్షణ చేశారు. కమిటీ ఛైర్మన్ నూకయ్య, రైసు మిల్లాయన, మండపంలో నిలబడి ఇకమీదట చంద్రశేఖరం పంతులు వంటశాల గడప తొక్కకూడదని చెప్పాడు.

ఆ తరవాత పెళ్ళిళ్ళకీ, తద్దినాలకీ కూడా ఎవరూ పిలవలేదు. దేవుడి వంటే ఎంగిలి చేసినవాడు మన వంట చేస్తే ఇంకేమన్నా ఉందా అన్నారు. అత్తయ్యని పేరంటాలకి పిలవడం మానేశారు. పక్కింటి జగ్గమ్మ, అత్తయ్యతో పాతికేళ్ళ స్నేహం ఉన్న మనిషి, పండగపూట తాంబూలం మా గుమ్మం దాటించి అవతలింట్లో ఇచ్చింది. ఆర్నెల్లకి మేము ఇల్లు ఖాళీ చేసి శృంగవరపుకోట వచ్చేశాం. మావయ్య కోరిక ఒక్కటే. గుడ్డ విప్పలేదన్న మాట ఆ ఊళ్ళో అందరూ వినాలి. విన్నాక మళ్ళీ ఆ పొయ్యి ముందు నిలబడాలి.

నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివి, బెంగళూరులో సొంతంగా బీరు కాచి అమ్మే ఒక హోటల్లో రెండేళ్ళు పనిచేశాను. అక్కడ పని బాగా పట్టుబడింది. అంతలో జగన్నాధం నెయ్యి వదిలేసి, భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టు కట్టాడనీ, బీరు అక్కడే కాయించడానికి మనిషి కోసం చూస్తున్నాడనీ తెలిసింది. వెళ్ళి కలిశాను. ఎవరి తాలూకో చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు.

"మీ మావ ముక్కు నీకు రానేదు కదా? వస్తే సెప్పు, గుడ్డ కొనిస్తాను" అన్నాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు బాకీ వాడి చేత ఎప్పటికైనా తీర్పించాలని ఆ క్షణమే అనుకున్నాను. ఇంట్లో ఈ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు మావయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం "వాడి దగ్గరే ఉండరా. దగ్గరుంటేనే సందు దొరుకుతుంది" అంది.

2018 వేసవిలో సందు దొరికింది. బీరులో చేదుకీ, వాసనకీ హాప్స్ అని ఒక తీగ పువ్వులు వేస్తారు. మనకి అవి ఎండబెట్టి, పొడిచేసి, పచ్చటి బిళ్ళలుగా వస్తాయి. ఆ ఏడు ఒక విదేశీ తోటవాళ్ళు కొత్తగా సంకరం చేసి పుట్టించిన మూడు రకాలు పరీక్షకని పంపారు. వాటికింకా పేర్లు పెట్టలేదు. సంచుల మీద అంకెలే ఉన్నాయి: నలభై ఒకటి, యాభై ఏడు, అరవై మూడు. నేను ఒకే రకం బార్లీతో, మామూలు బీరుకి రెట్టింపు ఘాటుతో, మూడు చిన్న ట్యాంకుల్లో మూడూ విడివిడిగా వేసి కాచాను. చూడ్డానికి మూడూ ఒకటే, ముదురు తేనె రంగు. తేడా అంతా వాసనలోనే.

ఆ బీరు రుచి చూడ్డానికి జగన్నాధం ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురిని పిలిచాడు. ఎవరనుకున్నారు? మా ఊరి గుడి కమిటీ. అప్పటికి జగన్నాధం కూడా అందులో మెంబరే. ఊళ్ళో గ్లాసు పట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. డెబ్బై కిలోమీటర్ల అవతల, చుట్టూ సరుగుడు తోట, ఎదర సముద్రం. ఇక్కడ ఎవరు చూడొచ్చారు?

శనివారం ఈ సంగతి మావయ్యకి చెప్పి, నాతో రమ్మన్నాను.

"సారా కాచే చోటికి నన్ను రమ్మంటావా?" అన్నాడు.

"తాగమనడం లేదు మావయ్యా. గుడ్డ కట్టుకుని నిలబడు చాలు."

ఆయన కత్తిపీట పక్కకి జరిపాడు. "నూకయ్య కూడా వస్తాడా?" అని అడిగాడు. వస్తాడన్నాను. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అత్తయ్య కొత్త తువ్వాలు చింపి, నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికిచ్చింది. "వాడిని ఊరికే వదిలిపెట్టి మాత్రం రాకండి" అంది.

మధ్యాహ్నం రెండింటికి వాళ్ళు పందిరి కింద కూర్చున్నారు. నేను మొదటి ట్యాంకు బీరు పోశాను. జగన్నాధం గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుని, "మల్లిపువ్వు వాసనొస్తంది సూడండి" అన్నాడు. మిగతావాళ్ళు కూడా అవునంటే అవునన్నారు. అందులో మల్లిపువ్వు ఊసే లేదు. రెండోది తాగి అదీ మల్లిపువ్వే అన్నాడు. అప్పటికి నూకయ్య కళ్ళు చిన్నవయ్యాయి, నోరు పెద్దదయ్యింది.

"వాసన పట్టడం మీకొక్కరికే వచ్చనుకోకండి బాబూ. ముక్కుకి గుడ్డ కట్టుకుని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు" అన్నాను.

"ఉంటే తీసుకురారా సూద్దాం" అన్నాడు నూకయ్య, ఊపులో.

నేను వెనకగదిలోంచి మావయ్యని తీసుకొచ్చాను. తడిగుడ్డ ముక్కూ నోరూ మూసి, తల వెనక ముడి వేసి ఉంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నువ్వేటి ఇక్కడ?" అంటూ జగన్నాధం లేచాడు. "ఒరే కామేషూ, బైటికి పంపించీ ఈ మనిషిని!" అని నా మీద అరిచాడు.

"కూకో జగన్నాధం" అన్నాడు నూకయ్య. "పన్నెండేళ్ళయినాది. సూద్దారి, ఏటి సేస్తాడో."

నూకయ్యే లేచి వచ్చి ముడి గట్టిగా లాగి చూశాడు. మడతల మీద వేలు పెట్టి, ముక్కు మీద ఒత్తి చూశాడు. మావయ్య కదల్లేదు. నేను మూడు గ్లాసులు నింపి, ఏది ఎందులోదో నూకయ్యకి మాత్రం చెప్పి, నాలుగడుగుల దూరంలో బల్ల మీద పెట్టాను.

"మొదటిది పండిన మావిడిపండు. జీడి దగ్గర ఉండే ఘాటు కూడా ఉంది. రెండోది దబ్బకాయ తొక్క, దాని వెనక పచ్చి పసుపు. మూడోది గుగ్గిలం, పనసతొన" అన్నాడు మావయ్య గుడ్డలోంచే.

నూకయ్య మావయ్యని వెనక్కి తిప్పి నిలబెట్టి, గ్లాసుల వరస రెండుసార్లు మార్చాడు. మావయ్య రెండుసార్లూ సరిగ్గా చెప్పాడు. నూకయ్యకి పట్టుదల వచ్చింది. వీపు తిప్పుకుని నిలబడి, ఎవరికీ కనపడకుండా ఒక గ్లాసులో ఏదో కలిపి తెచ్చి పెట్టాడు.

"ఇది ఒకటి కాదు. మొదటిదీ మూడోదీ కలిపేరు. మూడోది ఎక్కువ పడింది" అన్నాడు మావయ్య.

నూకయ్య మత్తు దిగిపోయింది. కుర్చీలో కూలబడి, తడిగుడ్డ వంకా, జగన్నాధం వంకా మార్చి మార్చి చూశాడు. "అయితే ఆ దినం గుడ్డ ఇప్పనేదు. నెయ్యి నిజంగానే సెడిపోనాది" అన్నాడు. జగన్నాధం గ్లాసు బల్ల మీద పెట్టేసి సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు. అబద్ధమెందుకు, నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కానీ పెద్దమనుషులు కదా, వెంటనే బేరంలో దిగారు. నూకయ్య గొంతు తగ్గించి, "పంతులూ, తప్పయిపోనాది. వచ్చే ఏకాదశి కాణ్ణుంచి వంటశాల నీదే. వచ్చీ" అన్నాడు.

మావయ్య కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మాట అది. "ఊళ్ళో ఏవని చెబుతారు?" అని అడిగాడు.

"ఏటున్నాది సెప్పడానికి? ముసిలోడు, పోన్లే పాపం, క్షమించీసినాం అంటాం."

"గుడ్డ విప్పలేదని చెప్పరా?"

నూకయ్య నెత్తి గోక్కున్నాడు. "అలగంటే మీకెలా తెలిసినాదని అడుగుతారు కదా. ఎక్కడ సూసినామని సెప్పీది? అందరం ఇక్కడ ఉన్నాం."

జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది. "నువ్వూ సెప్పలేవు పంతులూ. బీరు కాసే కాడ నిలబడ్డానని సెప్తే నిన్ను ఆ గడప తొక్కనిస్తారేటి? నోరు మూసుకోడమే నీకూ మంచిది, మాకూ మంచిది."

మావయ్య తల వెనక చెయ్యి పెట్టి ముడి విప్పాడు. గుడ్డ తీసి మడిచి భుజాన వేసుకున్నాడు. ఏం చేస్తాడో నాకు అర్థమయ్యేలోపే బల్ల మీద ఉన్న మొదటి గ్లాసు ఎత్తాడు.

"మావయ్యా, వద్దు!" అన్నాను. నేనే కాచిన బీరు, నేనే వద్దన్నాను.

ఆయన మొదటి గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. పుట్టాక మత్తు ముట్టని మనిషి. మావిడిపండు తీపి అనుకుని తాగాడేమో, చేదు తగిలి మొహమంతా ముడుచుకుపోయింది. మింగాడు. రెండో గుక్కకి ముడతలు విచ్చుకున్నాయి. ఆ తరవాత ఆగకుండా, నిదానంగా, మందు తాగినట్టు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద బోర్లించాడు. నుదుటి నిండా చెమట పట్టింది. కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇప్పుడు నేను మీ వంటశాలకి పనికిరాను. నన్ను మీరు క్షమించడానికి వీల్లేదు, పిలవడానికీ వీల్లేదు. రేపు పొద్దున్న హారతి వేళకి మండపంలో ఉంటాను. మీరందరూ రండి" అన్నాడు.

జగన్నాధం కాళ్ళ బేరానికి వచ్చాడు. నా ఉద్యోగం గుర్తుచేశాడు, నాకు పెద్ద హోదా ఇస్తానన్నాడు. నేను ట్యాంకు గది తాళాలు తీసి వాడి గ్లాసు పక్కన పెట్టాను. మావయ్యని నా బండి మీద కూర్చోబెట్టుకుని వచ్చేశాను. దారిలో రెండుచోట్ల ఆయన వాంతి చేసుకున్నాడు.

సోమవారం హారతి అయ్యాక మావయ్య వంటశాల వైపు వెళ్ళకుండా మండపం మెట్టు మీదే నిలబడ్డాడు. జనం బాగానే ఉన్నారు. జగ్గమ్మ కూడా ఉంది. తాము రాకపోతే ఏం చెప్పేస్తాడోనని జగన్నాధం, నూకయ్య, మిగతా కమిటీ కూడా వచ్చారు. "నిన్న మధ్యాహ్నం నేను బీరు తాగేను" అని మొదలుపెట్టాడు. అంతా గోలెత్తారు. ఆయన ఆగలేదు. ఎక్కడ తాగాడో, ఎవరెవరి ఎదుట తాగాడో, తాగకముందు గుడ్డ కట్టుకుని ఏం చెప్పాడో అన్నీ చెప్పాడు. తరవాత పళ్ళెంలో కర్పూరం వెలిగించి నూకయ్య ముందు పెట్టాడు. "నేను చెప్పింది అబద్ధమైతే దీన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యి" అన్నాడు.

నూకయ్య చెయ్యి చాపాడు. అది మంట దాకా వెళ్ళి ఆగిపోయింది. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "గుడ్డ ఇప్పనేదు. ఇప్పకుండానే సెప్పినాడు. నాను సూసినాను" అన్నాడు.

"ఎక్కడ సూసినావు మావా?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

నూకయ్య తల వంచుకుని జగన్నాధాన్ని చూపించాడు. "ఈ బావ బీరు కాడ."

ఆ నవ్వులు, ఆ తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. జగన్నాధం పక్కదారిన పోబోతే ఆడవాళ్ళే అడ్డం నిలబడి, కల్యాణం నాటి నెయ్యి గురించి నిలదీశారు. స్వామికి చెడిపోయిన నెయ్యి పోసి, దాన్ని కప్పెట్టడానికి ఒక మనిషి బతుకుని గోతిలో పూడ్చావా అని మొహం మీద అడిగారు. వాడు ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఇప్పుడూ లేదు. సాయంత్రానికి వాడి పేరు కమిటీలోంచి తీసేశారు. నూకయ్య తనే తప్పుకున్నాడు.

తిరిగి వస్తూ బస్సులో మావయ్య పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్కసారి కూడా వంటశాల వైపు చూడలేదన్నది నన్ను తొలుస్తోంది.

"తాగకుండా ఉంటే బాగుండేది మావయ్యా. ఏకాదశికి వెళ్ళి పొయ్యి ముందు నిలబడి, నెల పోయాక ఈ సంగతి చెప్పినా సరిపోయేది కదా. రెండూ దక్కేవి" అన్నాను.

మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "రెండూ దక్కవురా. ఆ పొయ్యి ముందు నిలబడితే నాకు వాడి మీద కోపం పోతుంది. పోకూడదనే తాగేను" అన్నాడు.